లార్నకా వెళ్ళేవాళ్ళకి ఒకటే పని

మా బేరూత్‌లో ఎవరైనా రెండు రోజులకి లార్నకా వెళ్తున్నామంటే, ఎదుటివాళ్ళు ముందు "మబ్రూక్" అని అభినందించి, ఆ తర్వాతే ఎందుకు వెళ్తున్నారని అడుగుతారు. మా దేశంలో పెళ్ళి చేసేది ఫాదరో, షేకో. ఒకరిది చర్చి, ఇంకొకరిది మసీదు అయితే ఎవరో ఒకరు తల వంచాలి. వంచడం ఇష్టంలేనివాళ్ళు విమానమెక్కి పక్కనున్న ద్వీపానికి పోతారు. అక్కడి మునిసిపాలిటీలో సంతకాలు పెట్టి, సాయంత్రం సముద్రం ఒడ్డున వేయించిన చేపలు తిని, మర్నాడు మొగుడూ పెళ్ళాలై దిగుతారు. ఈ సంగతి మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

అందుకే మా అమ్మ ఒకరోజు పొద్దున్నే గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా, "వచ్చే వారం లార్నకా వెళ్ళొస్తాను తల్లీ, రెండు రోజులు, ఊరికే" అనేసరికి నా చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

"ఊరికే అంటే?"

"సముద్రం చూద్దామని."

"మన బాల్కనీలోంచి కనిపించేదేంటి, చెరువా?"

అమ్మ కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. మా అమ్మ పేరు ఓడెట్. అరవై దాటింది. మోకాళ్ళ నొప్పులని చర్చికి కూడా టాక్సీలో వెళ్ళే మనిషి. నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఆవిడ నాతో ఒక్క అబద్ధమూ సరిగ్గా ఆడలేకపోయింది. నేనేమో ఇన్సూరెన్స్ కంపెనీలో గుద్దుకున్న కార్లు తనిఖీ చేసే ఉద్యోగిని. సొట్ట చూసి యజమాని ఎంతవరకు నిజం చెబుతున్నాడో చెప్పేస్తాను. అనుమానించడానికే నాకు జీతమిస్తారు.

అనుమానం అప్పుడే పుట్టింది కాదు. ఆర్నెల్ల కిందట మొదలైంది. మొదట కాఫీ పొడి. ఇంట్లో ఉండేది ఇద్దరం, నేను తాగేది ఆఫీసులో. మరి ఫ్రీజర్ తెరిస్తే మాంసం పెట్టడానికి చోటుండదు, అన్నీ కాఫీ పొట్లాలే. మా వీధిలోనే రెండు కొట్లుండగా అమ్మ బస్తా అనే ముస్లింల పేట దాకా పోయి అక్కడెవరో వేయించి అమ్మే కాఫీయే తెస్తుంది. ఎందుకే అంటే "అక్కడ ఏలకులు సరిగ్గా వేస్తారు" అంటుంది. తర్వాత జుట్టుకి రంగు. తర్వాత ఫోను బోర్లా పెట్టడం. చివరికి ఒకరోజు కొత్తిమీర తరుగుతూ కూనిరాగం తీసింది. నాన్న పోయాక మా ఇంట్లో రాగం వినిపించడం అదే మొదలు. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండిందో దాచిపెట్టి ఏం లాభం. నాన్న పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో మేమిద్దరమే. నాకు వచ్చిన సంబంధాలన్నీ "అమ్మని ఒక్కదాన్నీ వదిలి రాలేను" అని తోసేశాను. ఇప్పుడా అమ్మే నన్ను ఒక్కదాన్నీ వదిలి, అదీ నాకొక్క ముక్క చెప్పకుండా, పెళ్ళి చేసుకుని వస్తానంటే చూస్తూ ఊరుకుంటానా? ఆపాలనే బయల్దేరాను.

"నేనూ వస్తున్నాను" అన్నాను.

"నీకు సెలవు దొరకదు కదమ్మా."

"దొరికింది."

"వీసా?"

"వస్తుంది."

ఆవిడ చేతిలోంచి గరిటె జారి సింకులో పడింది. "మంచిదే, ఇద్దరం తిరుగుదాం" అంది. ఆ గొంతు విన్నవాళ్ళెవరికైనా అది మంచిది కాదని అర్థమవుతుంది.

టాక్సీ డ్రైవరు మా చిన్న సంచులు చూశాడు, నన్ను చూశాడు, అమ్మ కాళ్ళకున్న తెల్ల చెప్పులు చూశాడు. ఎక్కడికన్నాడు. లార్నకా అని అమ్మ నోరు జారింది.

"మబ్రూక్" అన్నాడు అద్దంలో నా వైపే చూస్తూ. "పెళ్ళికొడుకు ముందే వెళ్ళిపోయాడా అక్కా?"

"మీరు రోడ్డు చూసి నడపండి" అన్నాను.

"కోప్పడకక్కా. మా చెల్లెలూ అక్కడే చేసుకుంది. మా నాన్న ఆర్నెల్లు అన్నం ముట్టనన్నాడు. మూడో రోజుకే ముట్టాడు. నీకు తోడుగా అమ్మ వస్తోంది, అదృష్టవంతురాలివి."

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ మెడ దాకా ఎర్రబడింది. సిగ్గుపడాల్సింది నేనైతే ఆవిడెందుకు ఎర్రబడినట్టు? మనసులో రాసి పెట్టుకున్నాను.

విమానాశ్రయంలో నా పని మొదలైంది. అరవై ఏళ్ళ మగవాళ్ళందరినీ ఒక్కొక్కరినే పట్టి చూశాను. మొదటి అనుమానం ఒక పెద్దమనిషి మీద పడింది. బంగారు గుండీలు, సెంటు వాసన, దువ్విన మీసం. అమ్మ వైపు చూసి నవ్వాడు కూడా. వీడే, అనుకున్నాను.

లైన్లో నిలబడ్డప్పుడు వెనకనుంచి ఇంకో ముసలాయన, "బాబాయ్, లార్నకా లైను ఇదేనా?" అని నన్నడిగాడు. మా దగ్గర పెద్దవాళ్ళ అలవాటది. మనం వాళ్ళని ఏ వరసతో పిలవాలో, ఆ వరసతోనే వాళ్ళు మనల్ని పిలుస్తారు. ముక్కూ మొహం తెలియని ముసలాయనకి వీధిలో కనిపించే ప్రతి ఆడపిల్లా బాబాయే. మేనత్తకి మేనకోడలు అత్తే. కన్నతండ్రికి మాత్రమే బిడ్డ "నాన్నా" అవుతుంది. ఆ మాట ఇంకెవరూ వాడరు, వాడితే బాగోదు.

"ఇదే" అన్నాను. నెత్తి మీద ఇంత బోర్డుంటే చదువుకోలేడా అని కూడా అనుకున్నాను. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కోటు కొత్తది, మనిషి పాత. అతన్ని అంతటితో వదిలేద్దును. కానీ వచ్చేపోయే వాళ్ళందరినీ నోరు తెరుచుకుని చూస్తున్న మా అమ్మ, ఆయన్ని మాత్రం చూడలేదు. ఒక మనిషిని అంత శ్రద్ధగా చూడకుండా ఉండటం నేనెప్పుడూ ఎరగను.

విమానంలో అమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టి నేను మధ్యలో కూర్చున్నాను. నాకు ఇటు పక్కన వచ్చి కూర్చున్నది ఎవరనుకున్నారు? బంగారు గుండీలాయనే. నేను మోచేతులు రెండూ చాపి గోడలా కూర్చున్నాను. ఆయన పాపం కుర్చీ అంచుకి ఒదిగి, తను టైల్స్ వ్యాపారినని, నెలకోసారి పోతానని చెప్పాడు. బాత్రూమ్ టైల్స్ గురించి అడ్డదిడ్డంగా అడిగి పరీక్షించాను. అన్నిటికీ సరిగ్గా జవాబిచ్చాడు. ఇచ్చి, విమానం కదలకముందే కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు తగిలింది నా ముక్కుకి. వెనక వరసలోంచి వేయించిన కాఫీ గింజల వాసన, దాని మీద ఏలకుల వాసన. కోటుకీ, చర్మానికీ ఏళ్ళ తరబడి పట్టేసిన వాసన అది. మా ఫ్రీజర్ తెరిచినట్టే ఉంది.

అమ్మ వైపు చూశాను. జపమాల తీసి గబగబా తిప్పుతోంది.

"ఏంటమ్మా, భయమా?"

"విమానం కదా."

"ఇంకా కదల్లేదుగా."

"కదులుతుందిగా."

బేరూత్ నుంచి లార్నకాకి విమానం పైకి లేవడం, దిగడం, అంతే. మధ్యలో ఒక బిస్కెట్టు, ఒక నీళ్ళ సీసా ఇస్తారు. ఆ కాస్త సేపట్లోనే నేను తేల్చేసుకోవాలి. దిగాక ఆ ఊళ్ళో వీళ్ళు నాకు చిక్కరు. బెల్టు దీపం ఆరగానే, "నీ సంచిలో మందులున్నాయా చూస్తాను" అని లేచాను.

"మందులు నా దగ్గరే ఉన్నాయి, కూర్చో."

"చూస్తే తప్పేంటి?"

టైల్స్ ఆయన మోకాళ్ళు దాటి నడవాలోకి వచ్చి పైన సామాన్ల అర తలుపు తెరిచాను. సంచి తలుపుకి ఆనుకుని ఉంది. తెరవగానే నా మీదకి జారింది. నేను పట్టుకునేలోపే వెనక సీట్లోంచి ఒక పొడుగాటి చెయ్యి వచ్చి పట్టుకుంది.

"జాగ్రత్త నాన్నా, చెయ్యి నలుగుతుంది" అన్నాడు లైన్లో కనిపించిన ఆ ముసలాయన.

నాన్నా, అన్నాడు. నన్ను.

అన్న మరుక్షణం ఆయనకే తెలిసిపోయింది పప్పులో కాలేశానని. సంచి రెండు చేతుల్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అమ్మ చేతిలో జపమాల ఆగిపోయింది. ఆరేళ్ళుగా ఆ మాట నన్నెవరూ అనలేదు. చెంప పగలగొట్టాలనిపించింది, ఏడవాలనిపించింది, రెండూ ఒకేసారి అనిపించాయి.

"ఇందాక నేను మీకు బాబాయినిగా. ఇంతలో కూతురిని ఎప్పుడయ్యాను?" అన్నాను.

"తప్పయిపోయింది" అన్నాడు. "మీ అమ్మగారు రోజూ మీ గురించే చెబుతారు. వినీ వినీ అలవాటైపోయింది."

"ఏం చెబుతుంది?"

ఆయన అమ్మ వైపు చూశాడు.

"మీకు వంకాయ పడదని. కార్లు చూసి వచ్చిన రోజు తలనొప్పి వస్తుందని. మీ నాన్నగారి రేజరు ఇంకా అద్దం దగ్గరే ఉంచారని." అని ఆగి, "నా పేరు మిస్బాహ్. బస్తాలో కాఫీ కొట్టు" అన్నాడు.

"పేరు చెప్పక్కర్లేదు, వాసనే చెప్పింది."

సంచి లోపల పెట్టి తలుపు మూసి ఆయన కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. నా గురించి ఈ మనిషికి అన్నీ తెలుసు, ఈయన గురించి నాకు ముక్క తెలీదు. నా ఇంటి గుట్టంతా కాఫీ పొట్లాలకి బదులుగా బస్తాకి చేరిందన్నమాట.

"ఎప్పుడు?" అన్నాను అమ్మతో, పళ్ళ బిగువున.

"ఏది ఎప్పుడు?"

"అమ్మా."

ఆవిడ జపమాల ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా, "రేపు పొద్దున" అంది. "ఈ సాయంత్రం సముద్రం దగ్గర కూర్చుని నీకు చెబుదామనుకున్నాను."

"అందుకా సముద్రం?"

"అందుకే."

"ఆయన ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

వెనకనుంచి జవాబొచ్చింది. "చెప్పాను. నా పెద్దకొడుకు మాట్లాడటం మానేశాడు. చిన్నవాడు టికెట్టు కొన్నాడు. మీకు మాత్రం తనే చెబుతానన్నారు మీ అమ్మగారు."

"మిమ్మల్ని అడగలేదు" అన్నాను వెనక్కి తిరిగి.

"చూడమ్మా" అన్నాను, గొంతు తగ్గించాననే అనుకున్నాను గానీ ముందు వరసలో వాళ్ళు తలలు తిప్పారు. "నీ కోసం నేను పెళ్ళి మానేసుకున్నాను."

"నేనెప్పుడైనా మానమన్నానా?"

నేను విప్పిన బెల్టు మళ్ళీ బిగించుకున్నాను.

"ఆ జహ్లే ఊరి అబ్బాయి సంబంధం వచ్చినప్పుడు నేనేమన్నాను?" అంది అమ్మ. "చేసుకో, నా సంగతి నేను చూసుకుంటానన్నాను. నీకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పడానికి మొహమాటపడి నా మోకాళ్ళు అడ్డం పెట్టావు. ఊళ్ళో అందరూ కూతుర్ని కట్టిపడేసిన తల్లి అని నన్నే అన్నారు. పడ్డాను."

టైల్స్ ఆయన రెప్పలు కదిలాయి. నిద్రపోతున్నవాడి మొహం అంత ముడుచుకోదు.

నాకు కోపం తగ్గలేదు, చోటు మాత్రం మారింది. వేరే వైపు నుంచి వచ్చాను. "రేపు సంతకం పెడితే మన సర్కారు కుటుంబాల రిజిస్టర్లో నీ పేరు నాన్న పక్కనుంచి తీసి ఆయన కుటుంబం పేజీలోకి మారుస్తారు. తెలుసా? మన పేజీలో ఇక మిగిలేది నేనూ, చచ్చిపోయిన నాన్నా."

"తెలుసు."

"ఊళ్ళో సమాధిలో నాన్న పక్కన నీకు చోటుంచాం. అదేం చేయమంటావు?"

"అక్కడికే వస్తాను" అంది అమ్మ. అంత తేలిగ్గా అంటుందని నేననుకోలేదు. "ఆయన వాళ్ళవాళ్ళ దగ్గరికి పోతాడు, నేను మీ నాన్న దగ్గరికి. మేం మాట్లాడేసుకున్నాం. పోయాక మా ఇద్దర్నీ ఒక్కచోట పెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు, మేమూ అడగం. బతికున్నన్నాళ్ళే అడుగుతున్నాం."

విమానం కిందికి వంగింది. కిటికీలోంచి ఉప్పు చెరువు తెల్లగా కనిపిస్తోంది. అమ్మ దాన్ని చూడటం లేదు, నన్నే చూస్తోంది. అసలు ప్రశ్న నా దగ్గరింకా మిగిలే ఉంది. ఇంటి దగ్గర్నుంచి మోసుకొచ్చింది అదే.

"నాకెందుకు చెప్పలేదు? నేనంత పనికిరానిదాన్నా?"

"చెబితే వద్దంటావు."

"అంటే? నేను వద్దంటే నీకేం లెక్క, ఎలాగూ చేసుకునేదానివేగా."

"కాదమ్మా" అంది. "నువ్వు వద్దంటే మానేస్తాను. అందుకే చెప్పలేదు."

నేను ముందు సీటు వెనక జేబులోని కాగితం సంచి వైపు చూస్తూ కూర్చున్నాను. ఆర్నెల్లుగా నన్ను లెక్కచెయ్యలేదని కుళ్ళి చచ్చాను. లెక్క ఇంత ఉందని నాకు తెలిస్తేగా. తెలిసి సంతోషించాలో, భయపడాలో అర్థం కాలేదు.

"ఇప్పుడు తెలిసిపోయింది కదా" అంది అమ్మ. "అడుగుతున్నాను. వద్దంటావా, చెప్పు. ఆయన వెనకే ఉన్నాడు. ఇప్పుడే చెప్పేస్తాను. నొచ్చుకుంటాడు, కానీ గొడవ చెయ్యడు. నువ్వూ నేనూ రెండు రోజులుండి చేపలు తిని వెళ్ళిపోదాం."

వెనక సీట్లో ఆయన వింటున్నాడని తెలుసు. ముందు వరసా వింటోంది. వద్దు అనే మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. ఆ మాట పట్టుకునే వారం రోజులుగా నిద్రపోయాను, లేచాను. ఒక్క మాటతో తీరిపోయే పని. అనొచ్చు. అంటే ఆవిడ నిజంగా మానేస్తుంది, ఒక్కసారి కూడా దెప్పదు, రేపట్నుంచి మా వీధిలోనే కాఫీ కొంటుంది.

చక్రాలు నేలకి తగిలాయి. నేనేమీ అనలేదు.

"బాబాయ్" అన్నాడు టైల్స్ ఆయన కళ్ళు తెరిచి, "ఇదంతా వింటూ నిద్రపోయినట్టు నటించడం చాలా కష్టంగా ఉంది. నేనిక లేస్తాను, కాళ్ళు తిమ్మిరెక్కాయి."

మెట్లు దిగేటప్పుడు అమ్మ మోకాలు పట్టేసింది. నా భుజం పట్టుకుంది. మిస్బాహ్ గారు నాలుగడుగులు వెనక వస్తున్నారు, చెయ్యి అందించడానికి ధైర్యం చాలక, ఖాళీగా ఉన్న చేతిని కోటు జేబులో పెట్టుకుని తీసి మళ్ళీ పెట్టుకుంటున్నారు. పాస్‌పోర్టుల దగ్గర ఆయన వేరే లైన్లోకి వెళ్ళిపోయారు. మా ఇద్దర్నీ మాకు వదిలెయ్యడానికే వెళ్ళారు. ఆ లైనే పొడుగు.

మా వంతు వచ్చింది. గాజు పలక వెనక కుర్ర ఆఫీసరు. తల్లీకూతుళ్ళం కాబట్టి ఇద్దర్నీ కలిపే పిలిచాడు. పాస్‌పోర్టులు తిప్పాడు.

"ఎందుకొచ్చారు?" అని అమ్మని ఇంగ్లీషులో అడిగాడు.

అమ్మకి ఫ్రెంచి వచ్చు, ఇంగ్లీషు కొద్దికొద్దిగా. "ఊరు చూడటానికి" అని చెప్పడానికి ఇంట్లో అద్దం ముందు సాధన చేసిందని నాకు తెలుసు, గోడ అవతల నుంచి విన్నాను. ఆ ఒక్క మాట ఇప్పుడు ఆవిడ నోట రాలేదు. ఆఫీసరు వైపు కాకుండా నా వైపు తిరిగింది. ఎందుకొచ్చామో ఆవిడకే తెలీదు. నేను చెప్పాలి.

ఆఫీసరు మళ్ళీ అడిగాడు, ఈసారి నన్ను.

అవతల లైన్లో ఆ పొడుగాటి మనిషి ఇటు చూడకుండా నిలబడి ఉన్నాడు. పొద్దున మా అమ్మ ఆయన్ని చూడకుండా ఎంత శ్రద్ధగా నిలబడిందో అంతే శ్రద్ధగా.

"పెళ్ళికి" అన్నాను.

"ఎవరి పెళ్ళి?"

"మా అమ్మది."

అతను తలెత్తి అమ్మ మొహం, ఫోటో పక్కపక్కన పెట్టి చూశాడు. ముద్ర కొట్టాడు. నా దాని మీద కూడా కొట్టి రెండూ కలిపి నా చేతికే ఇచ్చాడు.

అమ్మ కదల్లేదు. వెనకవాళ్ళు సణుగుతున్నారు. "మనస్ఫూర్తిగా అన్నావా?" అంది. "అతనడిగాడని అన్నావా?"

ఈసారి అనుమానం ఆవిడ కళ్ళలో ఉంది. నేను అబద్ధం చెప్పి ఆ కళ్ళని ఊరుకోబెట్టొచ్చు. కానీ మా ఇంట్లో అబద్ధాలు ఎవరికీ సరిగ్గా రావు.

"నాకింకా తెలీదమ్మా" అన్నాను. "రేపు పొద్దున్న దాకా టైముంది. నడు, ఏమైనా సరే, సంతకాలప్పుడు నేనొచ్చి నీ పక్కన నిలబడతాను."

అమ్మ ఏడుస్తూనే నడిచింది. అవతల పక్క, తన వంతు రాగానే, మిస్బాహ్ గారు ఆఫీసరు అడిగింది వినిపించుకోకుండా మా వైపే చూస్తూ నిలబడ్డారు.